పద్దెనిమిదో ఎత్తు దాకా

తిత్లీ వచ్చి ఉద్దానం చెట్లన్నిటినీ పడుకోబెట్టిన ఏడాది
కాశీబుగ్గలో మా జీడి బట్టీకి పని సగమైంది.
ఆఫీసులో రెండు కంప్యూటర్లు ఖాళీ,
రాత్రి కాపలాకి నేనూ ఖాళీ.
ఒకే ప్రోగ్రాం రెండింటికీ ఎక్కించి
ఒకదానికి సోంపేటనీ, ఇంకోదానికి మందసనీ పేరెట్టి
చదరంగానికి కూచోబెట్టాను.

మందసకి ఏమీ ఇవ్వలేదు.
సోంపేటకి నా పుస్తకం ఇచ్చాను.

పుస్తకమంటే అట్టా కాగితమూ కాదు,
ఆట మొదట్లో వేయాల్సిన ఎత్తుల జాబితా:
బంటు ఇలా వస్తే గుర్రం అలా,
శకటు అడ్డొస్తే ఏనుగుని ఇటు.
నాలుగు నెలలు లోడు చీటీల వెనక రాసుకుని
ఒంటి వేలితో టైపు చేసినవి,
ఏడు వేల చిల్లర.

ఆట మొదలైతే చూడాలి!
మొదటి బంటు కదపడానికే మందస నిమిషం తింటుంది,
దాని ఫ్యాను గుర్రుమంటుంది.
సోంపేట రెప్ప వేయదు.
ఠక్. ఠక్. ఠక్.
ఎక్కాలు అప్పజెప్పే గుంటడిలా
పద్దెనిమిది ఎత్తులు,
గడియారంలో ఒక్క క్షణం ఖర్చు లేకుండా.
ఆ మిగుల్చుకున్న కాలమే బలం అనుకున్నాను.

తొమ్మిది రాత్రులు, వంద ఆటలు.
సోంపేట అరవై ఒకటి, మందస ముప్పై తొమ్మిది.
తెల్లారకుండానే పావుకిలో మైసూరుపాకు కొన్నాను.

గ్రేడింగు బల్ల దగ్గర దున్న నీలమ్మకి పెట్టి
సంగతంతా చెప్పాను.
ఆమె చేతులు ఆగలేదు.
గుండు ఇటు, బద్ద అటు, ముక్క కిందకి,
జీడి రసానికి కాలి నల్లబడ్డ వేళ్ళు
చూడకుండానే ఏరుతున్నాయి.
"రెండిటికీ ఒకటే బుర్రన్నావు గదేటి?
మరి గెలిసింది ఎవులు బాబూ,
అదా, నువ్వా?"

ఆ రాత్రి ఆటలన్నీ తిరగేశాను.
పదమూడో ఆట, ఇరవయ్యోది, ముప్పై నాలుగోది,
ఒకటే ఆట!
అదే బంటు, అదే శకటు,
అదే మూల మందస మంత్రి చిక్కుకోవడం.
పద్నాలుగు సార్లు ఒకే గోతిలో పడింది పాపం,
పడ్డ సంగతి గుర్తుంచుకునే వీలు నేనివ్వలేదు.
పద్నాలుగు గెలుపులని మురిసినవి
ఒక గెలుపుకి తీసిన జెరాక్సులు.

కొట్టేశాక నలభై ఎనిమిది, ముప్పై తొమ్మిది.
సరే, పుస్తకానికి విలువుంది.
మైసూరుపాకంత లేదు.

తర్వాత, ఓడినవి చూశాను.
పద్దెనిమిదో ఎత్తుతో నా జాబితా అయిపోయి
సోంపేట అప్పుడే కళ్ళు తెరుస్తుంది.
బస్సులో నిద్రపోయి తెలియని ఊళ్ళో దిగినవాడిలా
అటూ ఇటూ చూస్తుంది.
అంతవరకూ ఒక్క క్షణం వాడనిది
నాలుగు నిమిషాలు కదలదు.
ఆపైన అది వేసిన మొదటి సొంత ఎత్తు:
పద్నాలుగో ఎత్తుకి నేను పెట్టించిన గుర్రాన్ని
వెనక్కి తీసుకెళ్ళి పాత గడిలో కట్టేయడం.

నాది కాపలావాడి ఆట.
తలుపులన్నీ వేసి, బంటుల్ని గోడలా పేర్చి,
వెనకాల రాజుని పడుకోబెట్టడం.
దానికేమో గాలాడే దారులు కావాలి,
శకటులు ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తాలి.
నాలుగు నెలలూ దానికి తయారీ చేస్తున్నాననుకుంటూ
నా భయాన్నే టైపు చేశాను.

జాబితాని ఆరో ఎత్తు దగ్గర కోసేశాను.
ఆ ఆరూ మందసకి కూడా ఇచ్చాను.
ఒక్కో ఆరంభం రెండుసార్లు,
ఓసారి ఇది తెల్ల, ఓసారి అది.

అయిదింటికి నీలమ్మ వచ్చేసరికి
ఏడో ఎత్తు నడుస్తోంది.
రెండు ఫ్యాన్లూ గుర్రుమంటున్నాయి.
"ఎవులు గెలుస్తన్నారు?"
తెలీదన్నాను.
"అయితే ఇప్పుడు సూడొచ్చు," అని
కాళీ జీడిడబ్బా బోర్లించుకుని కూచుంది.